శాంపిల్ నంబర్ 14

(నల్లగొండ జిల్లాలో ఒక డిగ్రీ కళాశాల సైన్స్ విభాగం ఏర్పాటు చేసిన సభలో, నీటి పరీక్షల ల్యాబుల్లో పనిచేసి ఇప్పుడు పాఠాలు చెబుతున్న ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? సరే.

ప్రిన్సిపాల్ గారు నా చదువులు, ఉద్యోగాలు అన్నీ చెప్పారు. ఒక్కటి మాత్రం మర్యాద కొద్దీ వదిలేశారు. నేను నవ్వగానే మీరు చూసే ఉంటారు. నా ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. డాక్టర్లు డెంటల్ ఫ్లోరోసిస్ అంటారు, మనం గార పళ్లు అంటాం. చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పైపొర సరిగ్గా కట్టదు. తర్వాత ఎంత తోమినా పోదు. ఆ సంగతి తెలియని మా ఆరో తరగతి సారు "పళ్లు తోముకోకుండానే బడికొస్తావా" అని నన్ను రెండుసార్లు ఎండలో నిలబెట్టారు. ఆయన పళ్లూ అచ్చం ఇలాగే ఉండేవి. అదేం లెక్కో! (నవ్వులు)

మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని జవాబులు చెప్పాను. బోర్డులో ఒక పెద్దాయన "పంటి నొప్పా అమ్మా?" అని అడిగారు. ఆ ఉద్యోగం దేంట్లోనో తెలుసా? ఫ్లోరైడ్ ప్రాజెక్టులో. ఆ గదిలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినదాన్ని నేనొక్కదాన్నే, సిగ్గుపడుతున్నదీ నేనొక్కదాన్నే.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇంటి నుంచి మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లు చాలామంది ఉన్నారని మీ మేడం చెప్పారు. తండాల నుంచి, ఎస్సీ కాలనీల నుంచి, బీడీలు చుట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. నీళ్లు, గాలి, చెత్త, పురుగుమందులు మనిషి ఒంటికి ఏం చేస్తాయో తేల్చే ఉద్యోగాల్లో ఈ ఇళ్ల పిల్లలు తక్కువగా కనిపిస్తారు. ఎందుకు తక్కువ, ఏం చేస్తే ఎక్కువవుతారు అన్నది నాకిచ్చిన అంశం. లెక్కలు, పట్టికలు తేలేదు. ఒక జీపు గురించి చెప్తాను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊరికి జీపు వచ్చింది. మాది మర్రిగూడ వైపు పల్లె. ముగ్గురు దిగారు. వాళ్ల దగ్గర థర్మాకోల్ పెట్టె, అందులో తెల్లటి ప్లాస్టిక్ సీసాలు. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది, అందుకే శాంపిల్ గాజు సీసాలో పట్టకూడదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడైతే ఒక్క సీసా మిగిలినా బాగుండు, బడికి నీళ్లు తీసుకుపోవచ్చు అనుకున్నాను. బోరింగులన్నీ చూపించడానికి మనిషి కావాలంటే సర్పంచి మా నాయనను పంపాడు. నాయనకు ఆ రోజు కూలి పోయింది. పెట్టె నెత్తిన పెట్టుకుని వాళ్లను ఊరంతా తిప్పాడు. పిల్లలం వెనకాల. ఒకావిడ మమ్మల్ని గోడ దగ్గర వరసగా నిలబెట్టి, "ఈ అనండి" అంటూ పళ్లకు ఫోటోలు తీసింది.

నడుస్తుండగా నాయన వాళ్లకు ఒక మాట చెప్పాడు. "సారూ, చావడి కాడి బోరింగు నీళ్లు తియ్యగుంటయి. పప్పు జల్ది ఉడుకుతది. అందరూ ఆ నీళ్లకే ఎగబడతరు. కానీ ఆ వాడకట్టు పిల్లలకే పళ్లు ఎక్కువ ఖరాబైనయి. చెరువు కట్ట కింది బోరింగు నీళ్లు ఉప్పగుంటయి, పప్పు ఉడకనే ఉడకదు. ఆడి పిల్లల పళ్లు జర నయం." సారు "ఊఁ" అన్నారు. చేతిలో నోట్‌బుక్కు ఉంది, పెన్ను ఉంది. రాసుకోలేదు.

ఎమ్మెస్సీలో నీటి రసాయనం పాఠం వింటుండగా నా ఒళ్లు జలదరించింది. కఠినజలంలో కాల్షియం ఎక్కువ. ఫ్లోరైడ్ ఆ కాల్షియంతో కలిసి గట్టిపడి నీళ్లలోంచి విడిపోతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో మాత్రం కరిగే ఉండిపోతుంది. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ ఊరుతూనే ఉంటుంది. అంటే పప్పు బాగా ఉడికే నీళ్లలోనే ప్రమాదం ఎక్కువుండే అవకాశం ఉంది. రుచి చెప్పదు, వాసన చెప్పదు. మా నాయన దాన్ని పప్పు కుండతో, పిల్లల పళ్లతో కనిపెట్టాడు. ఆయనకు సంతకం కూడా రాదు.

ఆ ఏడే లైబ్రరీలో పాత రిపోర్టు ఒకటి దొరికింది. పేజీలు తిప్పుతుంటే మా ఊరి పేరు! పట్టికలో శాంపిల్ నంబర్ 14, చావడి దగ్గర చేతిపంపు. అంకె పరిమితికి చాలా పైన ఉంది. చివరి పేజీలో కృతజ్ఞతలు. డైరెక్టరు పేరుంది, టైపు చేసినావిడ పేరుంది, జీపు డ్రైవరు పేరు కూడా ఉంది. నాయన దగ్గరికొచ్చేసరికి "స్థానికుల సహకారంతో" అని రెండు మాటలు. పప్పు సంగతి ఎక్కడా లేదు.

వాళ్లు చెడ్డవాళ్లని నేననను. ఎండలో తిరిగారు, ఒళ్లు దాచుకోకుండా పని చేశారు. వాళ్ల ప్రశ్నల కాగితంలో పప్పు ఉడకడం అనే గడి లేదు, అంతే. ఆ జీపులో వచ్చినవాళ్లలో ఒక్కరైనా బోరింగు కొట్టి నీళ్లు మోసిన ఇంటివాళ్లు ఉండి ఉంటే ఆ గడి ఉండేది. నా వాదన అంతా ఇదే. మన ఇళ్ల పిల్లలు ఈ రంగంలోకి రావాలని నేను జాలితో అడగడం లేదు. వాళ్లు లేకపోతే సైన్సే తప్పులు చేస్తుంది.

ఇంతకీ ఈ రంగం ఏమిటి? పర్యావరణ ఆరోగ్యం అంటే మొక్కలు నాటడం అనుకుంటారు కొందరు. జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, మా దగ్గరికి కూడా మొక్క పట్టుకుని వస్తారు, ఫోటో దిగి వెళ్తారు. (నవ్వులు) డాక్టరు రోగిని చూస్తాడు. మేం ఆ రోగి తాగిన నీళ్లను, పీల్చిన గాలిని, తిన్న కూరగాయలను, పని చేసిన షెడ్డును చూస్తాం. 2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు, గుర్తుందా? వందల మంది ఆసుపత్రిలో చేరారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ, ఇంకా ఎన్నో బృందాలు వచ్చి నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం శాంపిళ్లు పట్టుకెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీద అనుమానం వచ్చింది. అదీ మా పని. అదే ఏడాది మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడిన తర్వాత, ఆ బావుల్లో నీళ్లు తాగొచ్చా, ఆ చెట్ల కాయలు తినొచ్చా అని జనం అడిగితే జవాబు చెప్పాల్సింది మేమే. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల మధ్య కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ల తర్వాత కూడా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ కారణం తేల్చేవాళ్లు కవిటిలోనో సోంపేటలోనో బడికెళ్తున్న పిల్లల్లో ఉంటారని నా ఆశ.

పటాన్‌చెరు సంగతి కూడా చెప్పాలి. మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఒక వ్యాసం వేశారు. లీటరు నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాత ఇది! పక్కనే మన యూనివర్సిటీలున్నాయి, మన ల్యాబులున్నాయి. ఆ అంకె ప్రపంచానికి స్వీడన్ నుంచి తెలిసింది. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు.

ఫ్లోరైడ్ విషయంలో మనది పాత కథ. మన దేశంలో ఊరికి ఊరే ఫ్లోరోసిస్ బారిన పడిందని మొదట రాసింది 1937లో. ప్రకాశం వైపు దర్శి, పొదిలి ప్రాంతం గురించి. అప్పుడది నెల్లూరు జిల్లా. 1970లలో పోషకాహార సంస్థవాళ్లు మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల్ని చూసి పరిశోధనలు రాశారు. నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా ఆ పేరుతోనే వాడారు. జిల్లా పేరు ఆఫ్రికా దాకా పోయింది. జిల్లా పిల్లలు హైదరాబాదు ల్యాబు దాకా పోవడానికే అవస్థ పడ్డారు.

శివన్నగూడెం అంశల స్వామి గారి పేరు మీలో చాలామందికి తెలుసు. ఫ్లోరోసిస్‌తో ఒళ్లంతా ముడుచుకుపోయిన మనిషి. వాజపేయి ప్రధానిగా ఉన్న రోజుల్లో జలసాధన సమితివాళ్లు ఆయన్ను ఢిల్లీ తీసుకుపోయి ప్రధాని బల్ల మీద పడుకోబెట్టి, చూడండి మా జిల్లా పరిస్థితి అన్నారు. 2023 జనవరిలో స్వామి గారు పోయారు. ఆ పోరాటం లేకపోతే ఇంటింటికీ కృష్ణా నీళ్ల మాట ఇంత తొందరగా వచ్చేదా అని నాకు అనుమానమే. కానీ చూడండి, బాధపడ్డవాళ్లు సాక్ష్యంగానే ఉండిపోయారు. వాళ్ల పళ్లు, ఎముకలు, మూత్రం ల్యాబులోకి వెళ్లాయి. వాళ్లు మాత్రం గేటు దగ్గరే ఆగిపోయారు.

సరే, లోపలికి వెళ్లినవాళ్లు ఏం తెస్తారో ఒక్క ఉదాహరణ. మూడు నాలుగేళ్ల కింద వంటింటి పొగ మీద చిన్న సర్వే చేస్తున్నాం. ఉజ్జ్వల గ్యాసు పథకం వచ్చాక గ్యాసు బండ లేని ఇల్లు తక్కువ. ప్రశ్న ఏమిటంటే, "మీరు దేని మీద వండుతారు?" జవాబు అన్ని ఇళ్లలోనూ "గ్యాసు". మా మీటరు మాత్రం పొద్దున ఆరింటికి పొగ చూపిస్తోంది. మీటరు పాడైందేమోనని రెండు రోజులు దాన్ని విప్పుతూ కూర్చున్నాం. మా బృందంలో తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది, ఎప్పుడూ నోరు విప్పదు. మూడో రోజు మెల్లగా అంది. "మేడం, వంట గ్యాసు మీదే. స్నానానికి నీళ్లు కాగబెట్టేది దేని మీద అని అడగండి." ఇంటి పక్కన మూడు రాళ్లు, వాటి మీద మసిబారిన పెద్ద గంగాళం, కింద కంది కట్టె. ప్రతి ఇంటి ముందూ ఉంది. మేం రోజూ దాన్ని దాటుకునే లోపలికి పోయి కుర్చీలో కూర్చుని వంట గురించి అడుగుతున్నాం! ఆ తర్వాత ఆమే ఇంకోటి చెప్పింది, సాయంత్రం కొట్టంలో దోమలకు పెట్టే వేపాకు పొగ. ప్రశ్నల కాగితం మొత్తం మార్చాం. ఆమె పేరు వ్యాసంలో మూడోదిగా వేశాం. కొందరు సణిగారు, ఫీల్డు అసిస్టెంటు పేరు ఎందుకని. నేను వినలేదు.

పొగ మాట వచ్చింది కాబట్టి, హైదరాబాదుకు ఆగ్నేయంగా 28 పల్లెల్లో గాలి కాలుష్యానికీ గుండె జబ్బులకూ సంబంధం చూసే పెద్ద అధ్యయనం ఒకటి జరిగింది. దాని పేరు చాయ్. తాగేది కాదు. బార్సిలోనా సంస్థ, ఇక్కడి సంస్థలు కలిసి చేశాయి. మనుషులకు చిన్న కెమెరాలు, గాలి కొలిచే యంత్రాలు తగిలించి రోజంతా ఎక్కడెక్కడ పొగ పీలుస్తున్నారో చూశారు. మీలో ఎవరైనా ఈ దారిలో రావాలనుకుంటే దాని వ్యాసాలు వెతికి చదవండి. మన చుట్టుపక్కల ఊళ్ల బతుకే అందులో ఉంటుంది.

ఇప్పుడు అసలు కష్టం. అధ్యాపకులు కొంచెం ఓపిక పట్టాలి, ఇది మీకే.

మా దగ్గర ఎమ్మెస్సీ మొదటి ఏడాది కుర్రాడు ఉండేవాడు. చురుకైనవాడు. ఫీల్డ్ ట్రిప్పు అనగానే అతనికి జ్వరం వచ్చేది. ఒకసారి, రెండుసార్లు. బాధ్యత లేదని స్టాఫ్ రూములో అందరం అనుకున్నాం, నేనూ అన్నాను. మూడోసారి పక్కకు పిలిచి, "ఏం నాయనా, నిజం చెప్పు" అన్నాను. చాలాసేపు బూట్లు చూసుకుని, "ఆరు వందలు లేవు మేడం" అన్నాడు. మేం పెట్టిన పద్ధతి ఏమిటంటే, ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, బిల్లులు ఇవ్వండి, డబ్బు తర్వాత వస్తుంది. ఆ "తర్వాత" అంటే మూడు నెలలు. జీతం వచ్చే ఇంట్లో పుట్టినవాళ్లు పెట్టిన రూలు అది. అప్పటి నుంచి ట్రిప్పుకు ముందు రోజే కవరులో డబ్బు పెట్టి చేతికిస్తాం, లెక్క తర్వాత చెప్తారు. ఆ కుర్రాడికి మళ్లీ జ్వరం రాలేదు. (నవ్వులు)

జీతం లేని ఇంటర్న్‌షిప్పులు ఇంకో మోసం. రెండు నెలలు నగరంలో ఉండి ఊరికే పని చేస్తే సర్టిఫికెట్ ఇస్తారట. వేసవిలో ఆ రెండు నెలలూ మన పిల్లలు ఏం చేస్తారు? మామిడికాయల లోడుకు పోతారు, సెల్ షాపులో కూర్చుంటారు, పెళ్లిళ్లలో క్యాటరింగ్ చేస్తారు. ఆ డబ్బుతోనే వచ్చే ఏడాది హాస్టల్ డిపాజిట్ కడతారు. ఆ సర్టిఫికెట్ ఉన్నవాడికే తర్వాత ప్రాజెక్టులో చోటు దొరుకుతుంది. అప్పుడు మనం ఏమంటాం? "ఆ పిల్లల్లో ఇంట్రెస్టు ఉండదండీ." భోజనం, బస్సు పాసు, పడుకోవడానికి చోటు ఇవ్వలేనివాళ్లు ఇంటర్న్‌షిప్పు పెట్టకపోవడమే మేలు. నా మాట కటువుగా ఉంటే ఉండనీ.

ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యం గురించి మీకు నేను చెప్పేదేముంది. ఒక అమ్మాయికి ప్రజారోగ్యంలో పీజీ సీటొచ్చింది. చదివిన కాలేజీ బకాయి చూపించి సర్టిఫికెట్లు ఆపేసింది. ఏ కాలేజీ అన్నది వద్దు. గడువు పోయింది, సీటు పోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉంది. బాగానే ఉంది. కానీ ఆ సీటు ఆమెది.

2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ రావాలి, 1,75,000 రూపాయలు అని లెక్క రాసి పోయాడు. అంతకంటే దాని గురించి నేనేమీ అనలేను. ఫెలోషిప్ ఫైలు మీ బల్ల మీద ఉంటే ఈ రోజే సంతకం పెట్టి పంపండి.

ఇంగ్లీషు. దీని గురించి అందరూ మాట్లాడతారు, నేను కొంచెమే మాట్లాడతాను. తెలుగు మీడియం పిల్లలకు విషయం తెలియక కాదు, మాట తెలియక ఆగిపోతారు. వైవాలో భూగర్భ జలమట్టం గురించి ఇంగ్లీషులో అడిగితే తల దించుకున్న అబ్బాయిని, "మీ బావిలో నీళ్లు ఎండాకాలం ఎన్ని గజాలు దిగుతాయి, ఎందుకు?" అని తెలుగులో అడిగితే పది నిమిషాలు చెప్పాడు, పక్క రైతు వేసిన బోరుతో సహా. మా దగ్గర మొదటి సెమిస్టరు వైవా తెలుగులో, రెండోది రెండు భాషల్లో, మూడోది ఇంగ్లీషులో. మూడో దానికి వచ్చేసరికి మాటలు అవే వస్తాయి. తెలుగు అకాడమీ 1968లో పెట్టారు, డిగ్రీ పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. వాటిని తక్కువ చేసి చూడకండి, పక్కన ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని రెండూ కలిపి చదవండి. పెద్ద ప్రొఫెసర్‌కు మెయిల్ రాయడం భయం, అది నాకూ ఉండేది. మొదటి మెయిల్ మీ మేడం పక్కన కూర్చుని రాయండి. మేడం, మీరు కూర్చోండి. అరగంట పని.

అమ్మాయిల సంగతి వేరే. ల్యాబు అంటే ఇంట్లో ఒప్పుకుంటారు, ఫీల్డు అంటే ఒప్పుకోరు. చీకటి పడుతుంది, బస్సు ఉండదు, మగపిల్లలుంటారు. ఇవన్నీ వట్టి మాటలని నేననను, నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు. పైగా ఊళ్లో ఆరు గంటలు తిరిగే అమ్మాయికి బాత్రూము ఎక్కడ అని ప్రాజెక్టు రాసే మగవాళ్లు ఒక్కరూ ఆలోచించరు. నీళ్లు తాగకుండా నీళ్ల మీద పరిశోధన చేసిన అమ్మాయిల్ని నేను చూశాను! మేం ఇద్దరిద్దర్ని కలిపి పంపుతాం, అయిదింటికల్లా వెనక్కి తెస్తాం, ముందే ఊళ్లో అంగన్వాడీ టీచరుతో మాట్లాడి పెడతాం. ఇంకో పని, తల్లిని ఒకసారి ల్యాబుకు పిలుస్తాం. ఒక తల్లి వచ్చి మా ఫ్లోరైడ్ మీటరును అటూ ఇటూ చూసి, "ఇంత చిన్న డబ్బా చెప్తదా మా బోరింగు సంగతి?" అంది. వాళ్ల బిడ్డే కొలిచి అంకె చూపించింది. తర్వాత ఆ తల్లి నుంచి ఫోన్లు తగ్గాయి. తగ్గాయి అన్నాను, ఆగిపోలేదు. (నవ్వులు)

ఎస్సీ, ఎస్టీ పిల్లలు పీజీ హాస్టల్‌లో మొదటి నెలలో ఎదుర్కొనే ప్రశ్న ఒకటుంది. "నీ ర్యాంకు ఎంత?" అడిగేవాడికి ర్యాంకు అక్కర్లేదు, ఇంకోటి కావాలి. ఇంటిపేరు అడగడం కూడా అంతే. కొందరు పిల్లలు మూడో నెలలో మూట కట్టుకుని ఇంటికొచ్చేస్తారు. నా అనుభవంలో మూడో నెలే గండం. ఇక్కడి నుంచి మీరు పంపిన ప్రతి విద్యార్థికీ ఆ నెలలో ఒక్క ఫోన్ చేయండి. "ఎలా ఉన్నావు, ఏం తిన్నావు" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు.

పాకీ పని మీద పోరాడిన బెజవాడ విల్సన్ గారిది కోలార్ బంగారు గనుల దగ్గర స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లోవాళ్లు ఆ పనే చేసేవారు. ఆయన డిగ్రీ హైదరాబాదు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి, అదీ పొలిటికల్ సైన్సులో. ఆయన, సఫాయి కర్మచారీ ఆందోళన్ సహచరులు ఊరూరా తిరిగి, పొడి మరుగుదొడ్లను ఫోటోలు తీసి, లెక్కలు రాసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. లేవు అని ప్రభుత్వాలు అంటుంటే ఇవిగో అని చూపించారు. 2014లో తీర్పు వచ్చింది, 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అది ఉద్యమం, నిజమే. కానీ ఫోటోలు, చిరునామాలు, లెక్కలు అంటే నా దృష్టిలో అది ఫీల్డ్ సర్వే కూడా. మ్యాన్‌హోల్‌లో ఏ గ్యాసు ఎంత ఉందో దిగకముందే కొలిచే పని, ఆ దిగే మనిషి కూతురు చేస్తే ఎలా చేస్తుందో మీరే ఊహించండి.

విద్యార్థులకు ఉద్యోగాల మాట సూటిగా చెప్తాను. బోలెడున్నాయని అబద్ధం చెప్పను. నీటి ల్యాబుల్లో ఎనలిస్టు పోస్టులు చాలాచోట్ల ఔట్‌సోర్సింగే, జీతం తక్కువ. అయినా అక్కడ రెండేళ్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది. కాలుష్య నియంత్రణ మండలి, ఫుడ్ సేఫ్టీ, మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ విభాగం, ఇవి నోటిఫికేషన్లను బట్టి. పై చదువుకైతే ఉస్మానియాలో పర్యావరణ శాస్త్రం, జేఎన్టీయూలో పర్యావరణ కేంద్రం ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఐఐపీహెచ్ అనే ప్రజారోగ్య సంస్థలోనూ ప్రజారోగ్యంలో పీజీ ఉంది. యూజీసీ పెట్టే నెట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం ఒక సబ్జెక్టు. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఇంటికి డబ్బు పంపుతూ చదువుకోవచ్చు, మన పిల్లలకు అది చిన్న విషయం కాదు. డాక్టరు కాలేకపోయానని ఏడుస్తూ ఈ దారికి రావద్దు. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఏదైనా సరిపోతుంది.

ఇంకా చిన్న మెట్టు కూడా ఉంది. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు కిట్టుతో నీళ్లు పరీక్షించడం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఎవరు నేర్చుకున్నారో కనుక్కోండి. కిట్టు అటక మీద ఉంటే దింపండి. నాకు ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లలో, "మా ఊళ్లో ఇరవై బోర్లు నేనే చూశాను, రాసుకున్నాను" అని నోట్‌బుక్కు తెచ్చే పిల్లను నేను మార్కుల కంటే ముందు తీసుకుంటాను.

మా నాయన గురించి ఒకటి చెప్పి ఆపుతాను. నేను ఉద్యోగంలో చేరాక మా ఊరికే శాంపిళ్లకు వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి నాయన నడుం వంగిపోయింది. అయినా వచ్చి పెట్టె అందుకోబోయాడు. వద్దన్నాను, వినలేదు. అప్పుడు ఒక పని చేశాను. పెట్టె డ్రైవరుకిచ్చి, నాయన చేతికి నోట్‌బుక్కు ఇచ్చాను. "నాకు రాయరాదు గదనే" అన్నాడు. "నువ్వు చెప్పు, నేను రాస్తా" అన్నాను. పప్పు ఉడకడం, ఉడకకపోవడం, చాయ్ విరగడం, బిందె అడుగున తెల్ల పొర, అన్నీ చెప్పాడు, నాలుగు పేజీలు. ఆ రిపోర్టులో సమాచారం ఇచ్చినవారి పేర్లలో ఆయన పేరుంది, ఇంటిపేరుతో సహా.

ఇక మాటలు చాలు. నేను వచ్చేటప్పుడు మీ హాస్టల్ వెనక బోరు దగ్గర ఒక సీసా నీళ్లు పట్టుకొచ్చాను. కిట్టు కూడా తెచ్చాను. చేయడం చాలా తేలిక. ఈ గొట్టంలో గీత దాకా నీళ్లు పోయాలి, ఈ మందు చుక్కలు వేసి కలపాలి, కాసేపు ఆగాలి. ఫ్లోరైడ్ తక్కువుంటే గులాబీ రంగు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. పక్కన ఈ రంగుల కార్డు పెట్టి పోల్చాలి. మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా. నేను ఇంకా పరీక్షించలేదు, నాకూ తెలియదు.

ముందు వరస వద్దు. ఆ కిటికీ పక్కన, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నావు చూడు, నువ్వే. రా తల్లీ. స్టేజీ మీదికి రా, భయం లేదు. చున్నీ కాస్త వెనక్కి వేసుకో, మందులో పడుతుంది. ఇదిగో గొట్టం. గీత దాకా పొయ్యి... చాలు. ఇప్పుడు చుక్కలు లెక్కపెట్టి వెయ్యి, పైకి లెక్కపెట్టు, అందరికీ వినపడాలి. మైకు నీ దగ్గర పెడుతున్నాను. రంగు ఏమొచ్చిందో నువ్వే చెప్పాలి.